స్లైడు గడియ: చిన్న పిస్తోలులోని ఒక మొండి మీట చరిత్ర

పోరాటమధ్యమున పిస్తోలును చేతబట్టి తుదితూటా వరకు కాల్చిన సైనికునకు, ఆ తూటా వెడలిపోయిన క్షణమున తెలియవలసిన సంగతి ఒక్కటే: తన చేతిలోని ఆయుధము రిక్తమైనదని. ఆ సంగతిని అతని కంటికిని చేతికిని ఏకకాలమున తెలుపుటకై ఏర్పడినది స్లైడు గడియ. పిస్తోలు పైభాగమున గొట్టమును కప్పికొని ముందువెనుకలకు జారెడి ఉక్కు భాగమునకు స్లైడని పేరు. తూటా ప్రేలినప్పుడెల్ల అది వెనుకకు పోయి, కాలిన డొల్లను బయట పారవైచి, లోపలి స్ప్రింగు త్రోపునకు మరల ముందుకు వచ్చుచు, పిడిలోని మేగజైనునుండి కొత్త తూటాను గొట్టములోనికి చేర్చును. తూటాలు నిండుకొన్నప్పుడు మాత్రము, అంతవరకు వానిని మీదికెత్తుచుండిన మేగజైను పలక, ఎత్తుటకు వేరొకటి లేనందున ఒక చిన్న మీట కొనను పైకి నెట్టును. ఆ మీట స్లైడు అంచున చెక్కిన గాడిలో దూరి, స్లైడును వెనుకనే నిలిపివేయును. నిండు మేగజైనును పెట్టి, ఆ మీటను బొటనవ్రేలితో క్రిందికి నొక్కినచో, స్లైడు ముందుకు దూకి ఆయుధము మరల సిద్ధమగును.

చెప్పుటకు ఇంత సులభముగ నున్న ఈ పని, చిన్న పిస్తోళ్లయందు చేయుటకు అంత సులభముగ నుండదు. కొత్తగా కొన్న పొట్టి పిస్తోలు మీటను బొటనవ్రేలు ఎఱ్ఱవారునట్లు నొక్కినను కదలకుండుట, వస్తువు లోపభూయిష్టమని కొన్నవాడు దుకాణమునకు తిరిగి పరుగెత్తుట, పాశ్చాత్యదేశములలోని ఆయుధ విక్రేతలకు నిత్యానుభవములే. ఆ బిగువు చాలవఱకు లోపము కాదనియు, నూటపాతికేండ్లుగ యంత్రశిల్పులు ఒకదానికొకటి విరుద్ధములైన కోరికలను ఒకే ఉక్కుముక్కయందు ఇముడ్చుటకు చేసిన ప్రయత్నమునకు ఫలమనియు చూపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

రివాల్వరు కాలమున ఈ ప్రశ్నయే పుట్టలేదు. దాని గుండ్రని దిమ్మెలో ఆరు తూటాలుండును. అవి కాలిపోయిన పిమ్మట కాల్చువాడు దిమ్మెను తెఱచి డొల్లలను రాల్చి మరల నింపుకొనవలసినదే. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున, ప్రేలుడు వలన కలుగు ఎదురుత్రోపును వృథాపోనీక, దానిచేతనే మరల నింపు పనిని చేయించు పిస్తోళ్లు వెలువడినప్పుడు, తూటాలు అయిపోయినవని యంత్రము తనంత తాను తెలుపవలెనను ఆలోచన కూడ వెంటనే కలిగినది. 1896లో జర్మనీ దేశపు మౌజరు కర్మాగారము వెలువరించిన పిస్తోలులో ఆ ఆలోచన స్పష్టముగ కానవచ్చుచున్నది. దాని మేగజైను ట్రిగ్గరునకు ముందు స్థిరముగ అమర్చబడి, రేకుపట్టీకి గ్రుచ్చిన తూటాలను పైనుండి దిగనొత్తుటచే నింపబడెడిది. తూటాలు అయిపోగానే పలక పైకి లేచి, స్లైడునకు మారుగ అందు జారెడి బోల్టును వెనుకనే ఆపును. కొత్త తూటాలను దిగనొత్తి రేకుపట్టీని లాగివేయగనే బోల్టు తనంతట ముందుకు వచ్చును. అందు వ్రేలితో నొక్కవలసిన మీట లేదు. నింపు క్రియయందే విడుచు క్రియయు అంతర్భూతమై యున్నది.

స్లైడను రూపమును లోకమునకు ప్రసాదించినవాడు అమెరికాలోని యూటా ప్రాంతమున, ఆగ్డెన్ పట్టణమున 1855లో జన్మించిన జాన్ మోజెస్ బ్రౌనింగు. తుపాకులు చేయు తండ్రి కొలిమికడ పెరిగి, ఉక్కును చూచినంతనే దాని నడకను ఊహింపగల ప్రజ్ఞను సంపాదించిన యీ శిల్పి, 1897వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీన ఒక్కదినముననే స్వయంచాలక పిస్తోళ్లను గూర్చిన నాలుగు పేటెంటులను పొందెను. ఆ సంవత్సరమే బెల్జియమునుండి ఫాబ్రీక్ నాసియొనాల్ అను కర్మాగారము పక్షమున హార్ట్ బెర్గు అనునతడు సైకిళ్ల తయారీ పద్ధతులను పరిశీలించుటకు అమెరికాకు వచ్చి, హార్ట్‌ఫర్డు నగరమున బ్రౌనింగు పిస్తోలును చూచి, సైకిళ్ల మాటను వెనుకకు నెట్టి, దానిని బెల్జియమున చేయుటకు ఒడంబడిక కుదుర్చుకొని పోయెను. బ్రౌనింగు జీవితమును లియేజి నగరముతో ముడివైచిన సంఘటన అదియే.

ఆ లియేజి సామాన్యమైన ఊరు కాదు. మ్యూజ్ నదీతీరమున, బొగ్గుగనులకును ఇనుపకొలుములకును నడుమ వెలసిన ఆ నగరమున తుపాకి పని కులవృత్తి వలె తరతరములుగ సాగివచ్చినది. అచ్చటి ప్రభువైన బిషప్పు 1672లోనే తుపాకి గొట్టములను అమ్మకమునకు ముందు నిండు మందుతో పరీక్షింపవలెనని శాసించెను. అందులకై ఏర్పడిన పరీక్షాశాల పేరు నేటికిని నిలిచియున్నది. గొట్టము చేయువాడొకడు, తాళము అమర్చువాడొకడు, కఱ్ఱ చెక్కువాడొకడు, నగిషీ చెక్కువాడొకడు, ఇట్లు పని పలువురకు పంపకమై, ఎవరి యింట వారు చేసికొనుచుండగా, వీపున బుట్టలు కట్టుకొన్న స్త్రీలు అసంపూర్ణములైన తుపాకులను ఒక యింటినుండి మఱియొక యింటికి మోసికొనిపోవుచుండిరి. ఇట్టి విడివిడి పనివారి నగరమున, 1889లో, బెల్జియము సైన్యమునకు లక్షా యేబదివేల మౌజరు రైఫిళ్లను సమకూర్చుటకై తుపాకి వ్యాపారులు కొందరు కూడి, శివారు గ్రామమైన హెర్స్టల్‌లో యంత్రములతో నిండిన ఒక మహాకర్మాగారమును నెలకొల్పిరి. ఆ రైఫిళ్ల పని ముగిసిన పిమ్మట యంత్రములు ఖాళీగ నుండరాదని సైకిళ్లను, మోటారు వాహనములను కూడ చేయసాగిన యీ సంస్థకు, బ్రౌనింగు పిస్తోలు సరియైన తరుణమున లభించిన నిధియయ్యెను.

1900వ సంవత్సరమున బెల్జియము సైన్యము స్వీకరించిన ఆ మొదటి పిస్తోలు, స్లైడు కలిగి విరివిగ తయారైన పిస్తోళ్లలో ప్రథమమైనది. 7.65 మిల్లీమీటర్ల తూటాలు, చదునైన దేహము, జేబులో ఇముడు పరిమాణము దానికి ఎంతటి ప్రసిద్ధిని తెచ్చెననిన, ఏడు లక్షలకు పైగా పిస్తోళ్లు హెర్స్టల్ నుండి వెలువడెను. ఫ్రెంచి మాటలాడు ప్రజల నోట చిరకాలము పిస్తోలనిన బ్రౌనింగే. అయినను అందు స్లైడు గడియ లేదు. తుదితూటా కాలిన పిమ్మట స్లైడు యథావిధిగ మూసికొనును; మరల ట్రిగ్గరును లాగి, ప్రేలుడు లేని శబ్దమును వినిన తరువాతనే ఆయుధము రిక్తమైనట్లు కాల్చువానికి తెలియును. నగరవాసి జేబులోని ఆయుధమునకు ఆ లోటు లోటుగ తోచలేదు. సైనికునకు మాత్రము ఆ ఒక్క శబ్దమే ప్రాణాంతకము కావచ్చును.

కావుననే సైన్యము కొరకు చేసిన పిస్తోళ్లయందే ఈ గడియ పుట్టి పెరిగినది. 1902లో కోల్టు సంస్థ సైనికోపయోగమునకై వెలువరించిన బ్రౌనింగు పిస్తోలునకు స్లైడును ఆపు మీట చేరినది. పిమ్మట అమెరికా సైన్యము .45 అంగుళముల తూటా గల పిస్తోలును కోరి, ఏండ్లతరబడి పరీక్షలు జరిపి, 1911 మార్చిలో ఆఱువేల తూటాలను ఒకే పిస్తోలునుండి వరుసగ కాల్పించినప్పుడు, వేడెక్కిన ఆయుధమును నీట ముంచి చల్లార్చుచు సాగించిన ఆ ఘోరపరీక్షలో బ్రౌనింగు పిస్తోలు ఒక్కసారియైనను అడ్డుపడలేదు. పోటీగ నిలిచిన సావేజు పిస్తోలు ముప్పదియేడు మారులు చిక్కుకొనెను. మార్చి 29వ తేదీన స్వీకృతమైన ఆ ఆయుధమే నేటికిని లోకప్రసిద్ధమైన 1911 నమూనా.

ఆ పిస్తోలు ఎడమ ప్రక్కను నిదానించి చూచినవానికి స్లైడు గడియయొక్క సంపూర్ణరూపము దర్శనమిచ్చును. అది కేవలము ఒక మీట కాదు; దానికి లావైన ఇరుసొకటి కలదు. ఆ యిరుసు పిస్తోలు దేహమును అడ్డముగ తొలుచుకొనిపోయి, గొట్టము క్రింద వ్రేలాడు చిన్న లంకెను కూడ పట్టుకొని, ఆవలి ప్రక్క కొద్దిగ బయటపడును. అనగా గొట్టమును దేహమునకు బంధించు పనియు, రిక్తతను తెలుపు పనియు ఒకే ఉక్కుముక్కకు అప్పగింపబడినవి. దానిని ఊడబెఱికినచో స్లైడు, గొట్టము, స్ప్రింగు సమస్తము ముందునకు జారివచ్చును. ఒక భాగముతో రెండు పనులు జరుగునప్పుడు రెండు భాగములను పెట్టరాదను బ్రౌనింగు శిల్పనీతికి ఇంతకన్న మేలైన ఉదాహరణము లేదు. అయిదంగుళముల గొట్టము, బరువైన స్లైడు, పొడవైన స్ప్రింగు గల ఆ పెద్ద పిస్తోలులో మీట కూడ పెద్దదే. కుడిచేతి బొటనవ్రేలికి అందుబాటులో, గరుకుగ గీతలు చెక్కబడి, నొక్కిన వెంటనే లొంగునది. అశ్వికదళము కోరికలు మిక్కిలి పరిగణింపబడిన ఆ రోజులలో, ఒక చేత కళ్లెమును పట్టినవాడు రెండవ చేతి వ్రేలితోనే ఆయుధమును సిద్ధపఱచుకొనగలుగుట చిన్న సౌకర్యము కాదు.

జేబు పిస్తోళ్ల కథ వేఱొక త్రోవ త్రొక్కినది. 1910 నమూనాగ హెర్స్టల్‌లో వెలువడిన బ్రౌనింగు పిస్తోలులో, అంతకు పూర్వము గొట్టమునకు పైననో క్రిందనో ఉండు స్ప్రింగు గొట్టము చుట్టును చుట్టుకొనుటచే, ఆయుధము మఱింత సన్ననైనది. దుస్తులకు తగులుకొను ఉబ్బులేవియు దాని మీద ఉండరాదని శిల్పి సంకల్పము. ఆ సంకల్పమునకు స్లైడు గడియ బలియైనది. 1914 జూను 28వ తేదీన సరయేవో నగరవీథిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్జ్ ఫెర్డినాండును బలిగొని మహాసంగ్రామమునకు నిప్పంటించిన ఆయుధము ఈ నమూనాకు చెందినదే. ఆ సంగ్రామమున హెర్స్టల్ కర్మాగారమే శత్రువుల పాలగుట చరిత్ర చేసిన కఠోరమైన పరిహాసము.

సన్నదనమును వదలక గడియను కూడ నిలుపుకొనుటకు జర్మను శిల్పులు ఒక నడిమార్గమును కనుగొనిరి. తురింగియాలోని జెల్లా-మేలిస్ పట్టణమున ఫ్రిట్జ్ వాల్తరు ఆధ్వర్యమున 1929లో పోలీసుల కొరకు వెలువడిన పీపీ పిస్తోలునందును, 1931లో దానిని కుదించి చేసిన పీపీకే యందును, గడియ దేహములోపలనే దాగి యుండును. తుదితూటా కాలగనే స్లైడు వెనుక నిలుచును. కాని దానిని విడుచుటకు బయట ఏ మీటయు లేదు. రిక్తమైన మేగజైనును తీసి, నిండినదానిని పెట్టి, స్లైడును చేతితో కొంచెము వెనుకకు లాగి విడువవలెను. తెలుపుట యంత్రము వంతు, విడుచుట మనుష్యుని వంతు అని వారు పనిని విభజించిరి. 1951లో సోవియట్ సైన్యము స్వీకరించిన మకారోవు పిస్తోలు మఱల మీటను బయటికి తెచ్చినది గాని, భాగముల సంఖ్యను తగ్గించు దీక్షతో, డొల్లను బయట పడద్రోయు పనిని కూడ ఆ మీట లోపలి కొనకే ఒప్పగించినది. ఎవరి దారి వారిదైనను, స్లైడు గడియను ఎట్లు కుదించుట అను ఒక్క సమస్యకే ఇవన్నియు సమాధానములు.

బ్రౌనింగు 1926 నవంబరులో హెర్స్టల్ కర్మాగారముననే, తన కుమారుని కార్యాలయమున, పనిలోనుండగనే గుండె ఆగి మరణించెను. ఆయన విడిచిపోయిన నమూనాను ఆ కర్మాగారపు శిల్పి ద్యోదొనే సైవ్ ఏండ్లతరబడి మెఱుగుపఱచి, పదమూడు తూటాలు పట్టు మేగజైనుతో 1935లో హైపవరు పిస్తోలుగ వెలువరించెను. అందును స్లైడు గడియ ఇరుసు దేహమును అడ్డముగ దాటిపోవును. కాని గొట్టము క్రింద వ్రేలాడు లంకెకు బదులు, గొట్టముతో ఏకముగ మలచిన కొక్కెము దేహమున అడ్డముగ స్థిరపఱచిన ఉక్కుకడ్డీమీద జారి గొట్టమును దించును. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు కర్మాగారమును మఱల ఆక్రమింపగా, ఇంగ్లండునకు తప్పించుకొనిపోయిన శిల్పుల సాయముతో కెనడాలోని టొరాంటో నగరమున, బ్రెన్ తుపాకులు చేయుచుండిన ఇంగ్లిస్ సంస్థ దానిని మిత్రరాజ్యములకై తయారుచేసెను. ఆ కెనడా పిస్తోలు వంశమునకే చెందినది, కలకత్తా చేరువనున్న ఈశాపురము రైఫిలు కర్మాగారమున తయారై భారతసైన్యపు అధికారుల నడుమున నిలిచిన 9 మిల్లీమీటర్ల పిస్తోలు. ఆగ్డెన్ కొలిమిలో ఊహింపబడి, మ్యూజ్ తీరమున రూపొంది, అట్లాంటికును దాటి, హుగ్లీ తీరమునకు చేరిన ఆ గడియను మన జవానులు బొటనవ్రేలితో నొక్కిరి.

పెద్ద పిస్తోలు నమూనాను పొట్టిచేయు ఉద్యమము రెండవ యుద్ధానంతరమున బలపడినది. కోల్టు సంస్థ 1911 నమూనా గొట్టమును నాలుగుంబావు అంగుళములకు తగ్గించి కమాండరను పేర వెలువరించెను. 1985లో దానిని మూడున్నర అంగుళములకు కుదించి ఆఫీసర్స్ నమూనాగ చేసినప్పుడు, ఒక స్ప్రింగు చాలక, ఒకదానిలో మఱియొకటి ఇమిడిన రెండు స్ప్రింగులను అమర్పవలసివచ్చెను. ఆస్ట్రియా దేశమున గాస్టన్ గ్లాకు చేసిన ప్లాస్టికు దేహపు పిస్తోలును 1982లో ఆ దేశసైన్యము స్వీకరింపగా, 1988లో దాని కుదింపైన 19వ నమూనాయు, 1995లో మఱింత పొట్టియైన 26వ నమూనాయు వెలువడెను. అమెరికాలో 1994లో వచ్చిన శాసనము మేగజైనుకు పది తూటాలకు మించి ఉండరాదని కట్టడి చేయగా, పదియే తూటాలైనచో పెద్ద పిడి యెందులకను విచారము పుట్టి, జనుల దృష్టి చిన్న పిస్తోళ్లవైపు మఱలినది. గ్లాకు పిస్తోలు గడియ దళసరి ఉక్కుముక్క కాదు. రేకును అచ్చుతో కొట్టి మడిచిన పలుచని మీట. దాని అంచు దేహమునుండి గోరంత కూడ బయటపడదు.

ఇక బిగువునకు కారణమేమి? తూటా అదియే యైనప్పుడు ఎదురుత్రోపు కూడ అంతియే. స్లైడు పొట్టియై తేలికపడినకొలది ఆ త్రోపు దానిని మఱింత వేగముగ వెనుకకు నెట్టును; అది వెనుకకు పోగల దూరమా, తగ్గినది. ఆ కొంచెము దూరములోనే అంత వేగమును ఆపి, మరల ముందుకు త్రోసి, కొత్త తూటాను చేర్పవలెననిన స్ప్రింగు మిక్కిలి గట్టిదై యుండవలెను. ఆ గట్టి స్ప్రింగు, వెనుక నిలిచిన స్లైడును ముందుకు నెట్టుచున్నంతసేపు, గాడి అంచు మీట ముక్కును అదుముచునే యుండును. ఆ అదుము ఎంతయో వానినడుమ రాపిడియు అంతయే. అట్టి రాపిడిని జయింపవలసిన బొటనవ్రేలికి, జేబు గుడ్డకు తగులరాదని కుదింపబడిన మీటమీద పట్టు దొరకదు. ఇరుసునుండి దూరము తక్కువగుటచే బలము కూడ కలిసిరాదు. రిక్తమైన మేగజైను ఇంకను లోపలనే యున్నచో, దాని పలక మీటను పైకి నెట్టుచునే యుండును గనుక, బిగువు రెట్టింపైనట్లు తోచును. వీనికి తోడు, కొత్త పిస్తోలులో ఉక్కు అంచులు ఇంకను పదునుగ నుండి, పై పూత గరుకుగ నుండును; కొత్త తలుపు గడియ కొన్నాళ్లు వాడిన పిమ్మటగాని సాఫుగ జరుగని రీతిగ, ఇదియు వాడుక చేతనే లొంగును.

తీరుబాటున పని నేర్చిన తుపాకి మేస్త్రీలు దీనికి చెప్పెడి ఉపాయములు సరళములు. ముందుగ మేగజైనును తీసి, గొట్టములో తూటా లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొని, గొట్టపు మూతిని ఎవరివైపునకును త్రిప్పక, రెండవ అరచేతితో స్లైడు వెనుకభాగమును పైనుండి గట్టిగ పట్టి, కొంచెము వెనుకకు లాగినచో గాడి మీటను విడుచును. మీట తనంతట జాఱును. చేతిని వదలగనే స్లైడు ముందుకు పోవును. బొటనవ్రేలు చేయలేని పనిని భుజబలము క్షణములో చేయును. మీట ముక్కుమీదను గాడిలోను ఒక్క చుక్క నూనె వేయుట, స్లైడును వెనుక నిలిపి కొంతకాలము ఆకురాయి లేకయే వాడుకతో అంచులను నునుపుదేర్చుట మేలు. ఆకురాయిని తీసికొని ఇంటియందే గాడిని రుద్దువాడు మాత్రము ఆపదను కొనితెచ్చుకొనును. ఒక్క వెంట్రుకవాసి అధికముగ అఱిగి అంచు గుండ్రబడినదా, నిలువవలసిన స్లైడు నిలువక, చిన్న అదరుపాటుకే ముందుకు దూకును. అప్పుడు నిండు మేగజైను లోపల ఉన్నచో తూటా గొట్టములోనికి చేరినట్లు కూడ తెలియదు. మీట వంకర పోయినదనియో స్ప్రింగు విరిగినదనియో అనుమానము కలిగినచో, అనుజ్ఞాపత్రము గల మేస్త్రీకి చూపుటయే కర్తవ్యము.

చేతిబలము తగ్గిన వృద్ధులకును స్త్రీలకును ఈ బిగువు యథార్థమైన కష్టమని ఆయుధశిల్పులు గుర్తింపకపోలేదు. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 2018లో, చేతితో లాగుట సులభమగునట్లు తక్కువ బలము గల .380 తూటాకు మెత్తని స్ప్రింగును జోడించి, ఈజీ అను పేరనే ఒక పిస్తోలును వెలువరించెను. పెద్ద తూటాను, చిన్న దేహమును, మెత్తని మీటను మూడింటిని ఒకేసారి కోరరాదనియు, ఒకదానిని విడిచినవానికే తక్కిన రెండు దక్కుననియు ఆ పిస్తోలు తన నిర్మాణముతోనే ఒప్పుకొనుచున్నది.

1900 నాటి పిస్తోలు గడియనే త్యజించినది. 1911 నాటిది దానిని పెద్దదిగ చేసి వ్రేలికి అందించినది. వాల్తరు దానిని లోపల దాచి విడుచు పనిని చేతికి అప్పగించినది. నేటి పొట్టి పిస్తోలు దానిని బయట నిలిపియు, వ్రేలికి లొంగనంతగ కుదించినది. ఈ నాలుగింటిని వరుసగ చూచినవానికి ఒక సంగతి తేటపడును. గడియకు ప్రథమధర్మము విడుచుట కాదు, పట్టి నిలుపుట. తుదితూటా కాలినప్పుడు తప్పక నిలిచి, ఆయుధము రిక్తమని చెప్పి, పట్టినవాని ప్రాణమును కాపాడుట దాని పని. వ్రేలికి వెంటనే లొంగుట స్థలము పుష్కలముగ నున్న పెద్ద ఆయుధములు మాత్రమే ఇయ్యగల అధికసౌకర్యము. రెండవదానికై మొదటిదానిని త్యాగము చేసిన శిల్పి ఎవ్వడును మంచి శిల్పియనిపించుకొనలేదు. అందుచేత చిన్న పిస్తోలు మీట బిగువుగ నున్నదని విసుగుకొనువాడు, దానిని లోపమని త్రోసిపుచ్చకమునుపు, అది తన విధిని నిర్వర్తించుచున్నదా లేదా యని పరీక్షించుకొనవలెను. నిర్వర్తించుచున్నచో, మార్చుకొనవలసినది యంత్రము కాదు, దానిని పట్టుకొను తీరు. ఆ తీరును పీపీ పిస్తోలు పట్టిన పోలీసులు తొంబదియేండ్ల క్రిందటనే అభ్యసించిరి.